చిత్తనది

గోదావరి గట్టున నిలిచి చూచువానికి నదియంతయు ఒక్క వడితో సాగుచున్నట్లే తోచును. పడవ నడుపువా రట్లు భావింపరు. అడుగునేలను ఒరసికొని పోవు నీరు మందముగా నడచును. గట్టుల చెంత నీరును అట్టిదే. తిన్నగా పారు చోట వేగమంతయు నడియేట, పైమట్టమునకు కొంచెము దిగువగా నుండును. కనుకనే ఎదురేగు పడవను సరంగులు నడియేటికి పోనీయక, గట్టు వెంబడి నడిపింతురు. నడిప్రవాహముతో పోరాడుట పౌరుషము కాదు, అవివేకము.

నది మలుపు తిరుగుచోట మరియొక విశేషము కలదు. వడి వెలుపలి గట్టువైపునకు ఒరగును. పైనీరు ఆ గట్టును తాకి, క్రిందికి దిగి, అడుగున లోపలి గట్టువైపునకు మరలును. ముందునకు సాగుచునే మెలిదిరుగును. అందుచే వెలుపలి గట్టు కోసికొనిపోవును, లోపలి గట్టున ఇసుక మేటవేయును. ఏటేట మలుపు పెరుగును. మొదట నీరు మలుపును చేసినది. పిదప మలుపే నీటిని నడపును.

మానవుని అలవాటులును ఇట్టివే. ఒకసారి కోపించినవానికి మరల కోపించుట సులభము; పదవసారి కోపము తనంతట తానే వచ్చును. శాస్త్రము దీనినే సంస్కారమన్నది. దినమెల్ల శాంతముగా నుండి, జపమునకు కూర్చున్నంతనే పాత వైరములు పైకి వచ్చుట ఎందరో సాధకులకు అనుభవమే. తమ సాధన వ్యర్థమైనదని వారు క్రుంగుదురు. వ్యర్థము కాలేదు. పైనీరు ఒక దెసకు మరలినది, అడుగునీరు ఇంకను వేరొక దెసకు పోవుచున్నది.

యోగసూత్రములకు వ్రాసిన భాష్యమున వ్యాసుడు చిత్తమును రెండు దిక్కులకు పారు నదిగా వర్ణించెను: ఒక పాయ శ్రేయస్సు వైపునకు, వేరొకటి పాపము వైపునకు. వైరాగ్యము రెండవదానికి అడ్డుకట్ట. వివేకాభ్యాసము మొదటిదానిని తెరచును. రెండును కలసియే పనిచేయవలెను. కట్ట మాత్రమే వేసి, నీటికి వేరుదారి చూపనివానికి కట్ట తెగక మానదు. ఉపవాసములు, మౌనములు పట్టి ఇంటిల్లిపాదిపై విసుగుకొనువారి కష్టమంతయు ఇందే యున్నది. 1852లో ధవళేశ్వరమున పూర్తియైన ఆనకట్ట కూడ గోదావరిని ఆపివేయుటకు కట్టినది కాదు. నీటిమట్టమును పెంచి కాలువలకు మరల్చుటకు కట్టినది.

కైవల్యపాదమున పతంజలి రైతును దృష్టాంతముగా చూపెను. రైతు నీటిని చేతులతో మడిలోనికి త్రోయడు. మడవ తీయును, నీరు తనంతట పల్లమునకు వచ్చును. ప్రతిదినము ఒకే వేళకు కూర్చుండి భగవన్నామమును జపించుట అట్టి మడవ తీయుటయే. తొలుత సన్నని ధారయే వచ్చును, అదియు బురదగా నుండును. రైతు పారను భుజమున వేసికొని గట్టుపైననే నిలిచియుండును.