ఇంట్లో మనిషికి 'మీరు'

మనవరాలితో తన భాషలో నాలుగు మాటలు మాట్లాడాలని, రిటైరయ్యాక మేమిద్దరం డేనిష్ మొదలుపెట్టాం. కోపెన్‌హేగెన్‌లో పిల్లలున్న మరో రెండు జంటలు హైదరాబాదులో మా ఇంటికే వస్తారు. ఉచ్చారణ సంగతి అడక్కండి, సగం అక్షరాలు గొంతులోనే మింగేస్తారు.

ఆ భాషలో దాదాపు అందరికీ 'డు' ఒక్కటే. మన్నన చూపే 'డీ' 1970ల నుంచి వాడుకలోంచి తప్పుకుంటూ వచ్చి, ముఖ్యంగా రాజకుటుంబానికి మిగిలింది. క్రియ కూడా మనిషిని బట్టి మారదు. తెలుగులో సర్వనామం దాచినా క్రియ పట్టిస్తుంది. నేను 'తాగుతారా' అంటాను, ఆయన 'తాగుతావా' అంటారు. 40 ఏళ్లుగా అంతే.

మొదటిసారి ఆయన్ని 'డు' అన్నప్పుడు నాకు నోరు తడబడింది. ఆయనకేం తేడా తెలియలేదు, నన్ను ఎప్పుడూ అనేదే కదా! అలాగని సమానమైపోయామా? పాఠం అయ్యాక కాఫీకి లేచేది ఇప్పటికీ మేం ముగ్గురు ఆడవాళ్లమే.

గౌరవం చెడ్డదని నేననను. కానీ సమానం కావాలంటే అందరూ 'నువ్వు'కి దిగాల్సిందేనా? మమ్మల్నీ 'మీరు' అనొచ్చుగా? మొన్న అదే అడిగాను. మగవాళ్లు పగలబడి నవ్వారు. ఆఫీసులో తమకన్నా చిన్నవాళ్లయిన ఆడవాళ్లను ఏళ్లతరబడి 'మీరు' అన్నవాళ్లే. "సొంత మనిషిని మీరంటే పరాయిదాన్ని చేసినట్టు కాదా?" అన్నారొకరు.

మరి ఈ 40 ఏళ్లూ నేను ఈయన్ని పరాయివాణ్ణి చేశానా?