పని మానిన పిల్లి

పిసినారిని తిట్టాలంటే ‘పిల్లికి బిచ్చం పెట్టడు’ అంటారు. దానాల్లోకెల్లా చిన్నది పిల్లికి పెట్టడమని లెక్క. అంత చిన్న సంగతి మీద మా కోయ గూడెంలో పెద్ద వాదనే నడిచింది. ఏ పనీ చెయ్యని ప్రాణికి మనం ఏమైనా బాకీ ఉన్నామా?

ముందు ఆ పిల్లి సంగతి చెప్పాలి. 14 ఏళ్ల కిందట ఒక హాస్టల్ బియ్యం గదిలో పుట్టిన కూన అది. పాలగిన్నెలో మూతి పెట్టిందని గోతంలో కట్టి వాగు అవతల వదిలేయమన్నారు. వాగు దాటిస్తే పిల్లి తిరిగి రాదని నమ్మకం కదా. గోతం మోసిన పిల్లలే దాన్ని చొక్కాలో దాచి గూడేనికి తెచ్చారు. ఒక చెవి సగం చిరిగి ఉంది కాబట్టి సగంచెవి అన్నాం. పదేళ్లు గాదెల దగ్గర ఎలుకను నిలవనివ్వలేదు. ఆ పదేళ్లూ ఎవరూ ఏ ప్రశ్నా వెయ్యలేదు.

తర్వాత ముసలిదైంది. 14 ఏళ్ల పిల్లి అంటే మన లెక్కలో 70 దాటిన మనిషి. కోరపళ్లు ఊడాయి. గోళ్లు లోపలికి పోక, నడిస్తే అరుగు మీద టకటకమనేవి. ఒళ్లు నాక్కోవడం తగ్గి బొచ్చు జడలు కట్టింది. నీళ్లు మాత్రం తెగ తాగేది. ఎలుక ఎదురుగా పోతున్నా చూసి ఊరుకునేది. ఒక అవ్వ వాగు చేపకు ముళ్లు తీసి, మెత్తగా నలిపి పెట్టేది. (ఉపాధ్యాయులకు ఒక మాట: నొప్పిగా ఉందని పిల్లికి పారాసిటమాల్ వెయ్యకండి. మనకు మందు, దానికి విషం.)

‘ఎలుక పట్టని పిల్లికి చేపలెందుకు?’ అని ఊరి పెద్ద అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఆదిలాబాద్ గోండులు పొలాల అమావాస్య నాడు ఎద్దులను కడిగి, అలంకరించి, మంచి తిండి పెడతారు. దున్నిన ప్రాణికి చూపే కృతజ్ఞత అది, చాలా మంచి పండుగ. కానీ దున్నలేని ఎద్దు ఎక్కడికి పోతుంది? చాలాసార్లు సంతకు పోతుంది. మనం మొక్కింది ఎద్దుకా, దాని మెడ మీది కాడికా? ఈ ప్రశ్న మమ్మల్ని ఇప్పటికీ ఇబ్బంది పెడుతోంది. ఎందుకంటే సంతకు తోలేవాడు కూడా పేదవాడే.

బడిలో ప్రాథమిక విధులు చెప్పేటప్పుడు 51ఎ(జి) వస్తుంది. 1976లో రాజ్యాంగంలో చేరింది. అడవులను, నదులను కాపాడాలని, ప్రాణుల పట్ల దయ చూపాలని చెబుతుంది. ‘పనికొచ్చే ప్రాణుల పట్ల’ అని అందులో లేదు.

మాలో ఒక కుర్రవాడు ఇంకా గట్టిగా అడిగాడు. ‘గర్భిణిని డోలీలో మోసుకెళ్లే ఊళ్లున్నాయి. మనం పిల్లి గురించి మాట్లాడుకుంటున్నామా?’ ఆ కోపం సరైనదే, దాన్ని చల్లార్చాలని మాకు లేదు. అయితే రోడ్డు రాకపోవడానికి కారణం పిల్లి తిన్న చేప కాదు. మారుమూల నాలుగు ఇళ్లకు రోడ్డేస్తే ఏం లాభం అని ఎక్కడో ఎవరో లెక్క వేసుకున్నారు. పెద్దాయన పిల్లికి వేసిందీ ఆ లెక్కే. అదే లెక్క మన ఇళ్లలోకీ వచ్చింది. తునికాకు కొయ్యడానికి పోలేని ముసలివాళ్లు ‘నాకు కూడు దండగ’ అంటున్నారు. చేపకు ముళ్లు తీసే ఆ అవ్వే ఒకరోజు జావ గిన్నె పక్కకు నెట్టి ఆ మాట అన్నది. పక్కనున్న మనవరాలు, ‘మరి సగంచెవికెందుకు పెడుతున్నావు?’ అని అడిగింది. అవ్వ ఏమీ అనలేదు. కాసేపటికి గిన్నె దగ్గరికి లాక్కుంది.

పిల్లి పోయిన ఏడు, ఇప్పచెట్టు కింద పూడ్చాం. మనిషి పోతే దినం నాడు అతని బతుకు చెప్పుకున్నట్టే దాని బతుకూ చెప్పుకున్నాం. ఇది కొత్త వింతేమీ కాదు. సైప్రస్ దీవిలో సుమారు 9,500 ఏళ్ల నాటి సమాధిలో మనిషి పక్కనే పిల్లిని పూడ్చి ఉండటం తవ్వకాల్లో బయటపడింది. మేము మంచి మాత్రమే చెప్పలేదు. ఉట్టి మీది ఎండుచేపలు పోయిన సంగతి, పిట్టల గూళ్లు పాడుచేసిన సంగతి కూడా వచ్చాయి. డోలీ మాట ఎత్తిన కుర్రవాడు చివర్లో లేచి, అది తన కోడిపిల్లలు రెండు తిన్నదని, ఆ బాకీ మాత్రం అలాగే ఉండిపోయిందని అన్నాడు. పెద్దాయన కూడా నవ్వాడు.