రెండవసారి చేతులుంచగా



బేత్సయిదా గ్రుడ్డివాని సంగతి మార్కు 8:22-26లో మాత్రమే ఉన్నది. తక్కిన సువార్తలలో లేదు. ప్రభువు మొదట చేతులుంచినప్పుడు అతనికి మనుష్యులు నడిచే చెట్లవలె కనబడిరి. మరల చేతులుంచిన తరువాతనే అన్నియు తేటపడెను.

మొదటిసారి శక్తి చాలలేదా అని కొందరడుగుదురు. కన్ను తెరువబడుట వేరు, కనబడినది ఏదో గుర్తించుట వేరు. ఢిల్లీలో పవన్ సిన్హా గారును తోటి శాస్త్రజ్ఞులును దీనిని పరీక్షించి 2011లో ప్రకటించిరి. పుట్టుకనుండి చూపులేక, ఆపరేషనుతో చూపువచ్చిన ఐదుగురు పిల్లలు. వయస్సు 8 నుండి 17 ఏండ్లు. 48 గంటలలోపు పరీక్షించగా, కంటితో చూచిన బొమ్మను మరల కంటితో గుర్తుపట్టిరి. చేతితో తడిమిన బొమ్మను మాత్రము కంటితో పోల్చుకొనలేకపోయిరి. కొద్ది దినములలోనే అదియు కొంతవరకు అలవడెను. కన్ను చూపినదానికి మనస్సు అర్థము నేర్చుకొనవలసి వచ్చినది.

శిష్యుల సంగతియు అంతే. రొట్టెల అద్భుతము కన్నులారా చూచియు, పడవలో ఒక్క రొట్టెయే ఉన్నదని చింతపడిరి. ఇక పేతురు, 29వ వచనములో క్రీస్తును గుర్తించెను. 32లో సిలువ మాట విని ప్రభువునే గద్దింపసాగెను! సగము చూపు అనగా ఇదే. అయినను ఆరు దినములైన తరువాత ప్రభువు అతనిని కొండమీదికి వెంటబెట్టుకొనిపోయెను.

మరాఠీ మీడియములో చదివే మన పిల్లలు తెలుగు బైబిలు తెరచినప్పుడు ఏమి చూచుచున్నారు? మన కళ్లజోళ్లకంటె వారి కన్నులే మంచివి. గాని దేవనాగరికి అలవాటుపడిన ఆ కన్నులు పైగీతను వెదకును. అది లేకపోగా ప, వ, ష మూడును వారికి ఒకే గుండ్రన. పెద్దలేమో, ఈ పిల్లలకు వాక్యముమీద ఆసక్తి లేదందురు. ఈ తీర్పు తొందరపాటని మా అభిప్రాయము. అక్షరము ఎదుట పెట్టినంతనే పిల్లవాడు దానిని చూచినట్లు కాదని టీచరు ట్రైనింగులోనే నేర్చుకొంటిమి. పక్క అక్షరముతో పోల్చి, తేడా ఉన్నచోట వ్రేలుపెట్టి చూపవలెను, మరునాడు మరల చూపవలెను.

మా సంఘములో ఆరాధన అయిన పిమ్మట పావుగంట, ఒక్కొక్క పెద్ద ఒక్కొక్క పిల్లవాని ప్రక్కన కూర్చుండి మార్కు 8వ అధ్యాయము చదివించుచున్నారు. పెద్ద అక్షరముల బైబిళ్లు చాలుట లేదు. ఇంట వాడక ఉంచినవారు ఆదివారము తెచ్చియిచ్చిన మేలు.