చెట్టు నిలబడితే చాలా?

మామిడి తోట కొట్టేయాలా వద్దా అన్న ప్రశ్న మా వైపు జూన్‌లోనే పుడుతుంది. జనవరిలో ఎవరూ అడగరు. పూత విరగబూసిన తోటలో నిలబడి గొడ్డలి మాట ఎత్తితే మనిషిని వింతగా చూస్తారు. కాయ కోసి, మండీలో సూటు పేరుతో తరుగు పోయి, కమీషను పోయి, మందుల కొట్టు బాకీ కట్టాక చేతిలో మిగిలింది లెక్కపెట్టుకున్నప్పుడే అందరికీ ఆయిల్‌పామ్ గుర్తొస్తుంది. నాకూ అంతే. ఏ నెలలో అడిగితే ఆ నెల జవాబే వస్తున్నప్పుడు, ఆ జవాబు నాదా, కాలానిదా అని ఈ మధ్య అనుమానం పట్టుకుంది.

నేను నూజివీడు కోడల్ని. పుట్టింది దివిసీమలో, వరి చేల మధ్య. వరిలో ఏం జరిగినా నాలుగైదు నెలల్లో తేలిపోతుంది. పోతే పోయింది, మళ్ళీ నారు పోసుకోవచ్చు. మామిడి అలా కాదు. అంటు నాటితే నాలుగైదేళ్ళకు నాలుగు కాయలు కనిపిస్తాయి, పదేళ్ళు దాటితేగాని తోట అనిపించుకోదు. మా మామయ్యగారు ముప్పై ఏళ్ళ వయసులో నాటిన చెట్ల కాపు ఇప్పుడు యాభై దాటిన నేను కోయిస్తున్నాను. ఆయన పోయాక మావారికి ఉద్యోగం ఉంది కనుక తోట నా చేతికొచ్చింది. అంతేతప్ప నేను ఏరికోరి తీసుకున్నది కాదు.

ఇంత దిగులు పడాల్సినంత కష్టం ఏమొచ్చిందంటారా? పాత కష్టాలు నాకు కొత్త కాదు. ఒక పూగుత్తికి వందలూ వేలూ పూలుంటాయి, నూటికి ఒకటి కూడా కాయగా నిలవదు. ఒక ఏడు విరగకాస్తే మరుసటేడు చెట్టు అలసిపోతుంది. జనవరిలో మంచు పడితే బూడిద తెగులు, తేనెమంచు పురుగు. ఏప్రిల్‌లో ఈదురుగాలి వస్తే తోటలో కాయల చాప పరిచినట్టుంటుంది. ఇవన్నీ మామిడి పుట్టినప్పటినుంచీ ఉన్నవే. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటి మమ్మల్నీ తడిపింది. ఆ ఏడు పూత వెనకబడితే నాకు బాధనిపించింది గాని, మోసం జరిగిందనిపించలేదు.

నల్ల తామర పురుగు సంగతి వేరు. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన ఈ పురుగును మన దేశంలో మొదట 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద గుర్తించారు. 2021లో గుంటూరు, కృష్ణా, ఖమ్మం మిరపను ఊడ్చేసింది. ఆ తర్వాత మా పూత మీదా పడింది. పూత రంగు చూసి రేపేం జరగబోతుందో చెప్పగలనని నాకు కాస్త గర్వం ఉండేది. దీని ముందు ఆ చదువు పనికిరాలేదు. మూడు నాలుగు పిచికారీలతో గడిచిన తోటలో ఇప్పుడు ఎన్నిసార్లు కొట్టామో మేస్త్రి పుస్తకం చూస్తేగాని తెలియదు. మందు కొట్టేకొద్దీ పూల మీద వాలే ఈగలూ తేనెటీగలూ తగ్గుతాయి, అవి తగ్గితే పిందె తగ్గుతుంది. ఇది మామిడి చేయించుకునే కష్టమా, లేక మామిడి పేరుతో నేను మరో పని చేస్తున్నానా? నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న అసలు ఇది. రేటు గురించి కాదు.

మా సరిహద్దు తోట బాబాయిగారు 2022లో బంగినపల్లి చెట్లన్నీ కొట్టించారు. ఆ వేసవిలో ఇండోనేషియా కొన్ని వారాలు పామాయిలు ఎగుమతి ఆపేసింది. ఇక్కడ గెలల ధర టన్నుకు 20 వేలు దాటింది. కర్ర లారీలు వెళ్ళిపోయిన నెలకే ఆయిల్‌పామ్ మొక్కలు దిగాయి. నూజివీడు అదే ఏడు ఏప్రిల్ 4న కృష్ణా నుంచి ఏలూరు జిల్లాకు మారింది, దేశంలో ఆయిల్‌పామ్ మీద పరిశోధన చేసే కేంద్ర సంస్థ ఉన్న పెదవేగి అదే జిల్లా. "చూశావా, జిల్లా కూడా నా పక్షమే" అని నవ్వారు. మొక్కలు ఎదుగుతుండగానే ధర బాగా పడింది. 2024 సెప్టెంబరులో కేంద్రం దిగుమతి సుంకం పెంచితే లేచింది. 2025 మే చివర్లో ముడి పామాయిలు మీద సుంకం 20 శాతం నుంచి 10కి దించితే మళ్ళీ గుబులు. ఇప్పుడిప్పుడే గెలలు కోస్తున్నారు. మొన్న అడిగితే ఆయనన్న మాట: "నువ్వు ఢిల్లీ సేటు ఫోను కోసం చూస్తావు, నేను ఢిల్లీ ఆర్డరు కోసం చూస్తాను. అంతే తేడా అమ్మాయ్."

చాలాకాలం ఆయన్ని ఓడిపోయిన మనిషిగానే లెక్కవేశాను, పైకి అనకపోయినా. ఇప్పుడు అలా అనిపించడం లేదు. ఆయన తెల్లారేసరికి పొలంలోనే ఉంటారు. మొక్క మారింది గాని పని మారలేదు. మరోవైపు మా ఊళ్ళోనే ఇంకొకరున్నారు. చెట్టు ఒక్కటీ కొట్టలేదు, "వంశం తోట" అని నలుగురిలో చెప్పుకుంటారు. కానీ అయిదేళ్ళకు తోటను వ్యాపారికి రాసిచ్చారు. ఆ వ్యాపారికి కావలసింది అయిదు కాపులు. చెట్టు మొదట్లో కల్టార్ మందు పోసి ఏటా కాయించుకుంటాడు, ఆరో ఏడు చెట్టు ఏమవుతుందన్నది అతని లెక్కలో ఉండదు. అతన్నీ తప్పుపట్టలేను, అతనికి ఆ చెట్టు ఏమీ బాకీ లేదు. కానీ ఊరు మాత్రం బాబాయిగారు మామిడిని వదిలేశారనీ, ఈయన నిలబెట్టుకున్నారనీ అంటుంది. చెట్టు నిలబడి ఉందంటే మనిషి పనిలో నిలబడ్డాడని కాదు. ఇది ఇతరుల గురించి చెప్పడం తేలిక.

నా గురించి చెప్పాలంటే ఇంకొంచెం లోపలికి వెళ్ళాలి. ఎందుకు కొట్టించవని అడిగినవాళ్ళకు నేను చెప్పే కారణం మామయ్యగారి చేతి మొక్కలు. వినడానికి బాగుంటుంది, ఎవరూ ఎదురుచెప్పరు. దాని వెనకున్న కారణం చెప్పడానికి నాకే సిగ్గు. కాపురానికొచ్చిన కొత్తల్లో ఈ ఊళ్ళో నన్ను పేరుతో పిలిచినవాళ్ళు లేరు. ఫలానావారి కోడలు, తర్వాత మాస్టారి భార్య. తోట చేతికొచ్చాకే నా మాటకు విలువొచ్చింది. కాయ భుజాలు నిండాయా, తొక్క మీద చుక్కలు తేలాయా చూసి, ఈ వరస రేపు కోయండి, ఆ వరస వారం ఆగండి అంటే పాతికమంది కూలీలు ఆగుతారు. వ్యాపారులు బేరానికి నా దగ్గరికి వస్తారు. ఆయిల్‌పామ్ వేస్తే ధర పైనుంచి వస్తుంది, గెలలు 24 గంటల్లో మిల్లుకు చేరాలి, నా కంటితో ఎవరికీ పెద్దగా పని ఉండదు. నేను కాపాడుకుంటున్నది మామిడినా, మామిడి వల్ల నాకొచ్చిన నన్నా? రెండూ అంటుకట్టుకుపోయాయి. ఏది ఎంతో విడదీయలేను.

ఇంకో కారణం కూడా ఉంది, అది మరీ చిన్నది. ఆయిల్‌పామ్ ఎకరాకు 57 మొక్కలు పడతాయి. వేసవిలో చెట్టుకు రోజూ కనీసం 200 లీటర్లు కావాలంటారు. అంటే ఎకరాకు పదకొండు వేల లీటర్ల పైమాట. మాది మెట్ట. సాగర్ ఎడమ కాలువ నీళ్ళు మా దాకా రావు. 2008లో మొదలుపెట్టిన చింతలపూడి ఎత్తిపోతలతో గోదావరి వస్తుందని ఎదురుచూస్తూనే ఉన్నాం. మా బోరు మేలో గంట పోసి మూలుగుతుంది. ముదిరిన మామిడి వేరు లోతుకు పోయి తన తిప్పలు తాను పడుతుంది. బోరులో నీళ్ళుంటే నేను ఇంత గొప్పగా మాట్లాడేదాన్ని కాదేమో. పట్టుదల అని నేననుకుంటున్నదాంట్లో దారి లేకపోవడం ఎంత ఉందో తెలిసినప్పుడు మొదట చిన్నబుచ్చుకున్నాను. తర్వాత ఒకరకంగా తేలికపడ్డాను. పెద్ద పెద్ద మాటలు కాసేపు పక్కన పెట్టొచ్చు కదా అని.

మామయ్యగారి చేతి మొక్కలన్నాను గాని, ఆ చెట్ల చోట అంతకుముందు ఏమున్నాయి? రసాలు. నూజివీడు అంటే పెద్దవాళ్ళకు ఇప్పటికీ చిన్న రసం, పెద్ద రసమే. జమీందారుల కాలం నుంచీ పేరున్న కాయ. కానీ రసం కాయ మెత్తబడితే ఢిల్లీ ప్రయాణం తట్టుకోదు, బంగినపల్లి తట్టుకుంటుంది. అందుకని ఆయన వాళ్ళ నాన్నగారి రసాల చెట్లు కొట్టించి బంగినపల్లి అంట్లు తెచ్చారు. ఇంట్లో నెల రోజులు మాటల్లేవట. అత్తయ్యగారు చెప్పారు. అంటే నేను సంప్రదాయం అని పట్టుకు వేలాడుతున్నది ఒకప్పటి తెగింపు. ఆయన నాకు వదిలివెళ్ళింది ఆ చెట్లా, ఆ తెగింపా అని అడిగితే మా ఇంట్లో ఒక్కొక్కరూ ఒక్కో మాట చెబుతారు.

ఈసారి నిర్ణయం జూన్‌కు వదలకూడదనుకున్నాను. ఫిబ్రవరిలో, పిందె గోలీ సైజులో ఉన్నప్పుడు, ఆశ ఇంకా చావకముందే కాగితం పట్టుకుని కూర్చున్నాను. ఆయిల్‌పామ్ వద్దు, నీళ్ళు లేవు. ఉన్నది ఉన్నట్టు సాగించడమూ వద్దు. చెట్లు కొమ్మా కొమ్మా ఒరుసుకుని లోపల చీకటి పడింది. అంత ఎత్తుకు మందు అందదు, కాయలకు కవరు కట్టడానికి మనిషి ఎక్కలేడు, కవరు లేకపోతే పండు ఈగ వదలదు. కాబట్టి కోత అయ్యాక సగం తోటకు తలలు తీయించడం. ముదురు తోటల పునరుద్ధరణ అని ఉద్యానశాఖ వాళ్ళు చెప్పేది ఇదే. పెద్ద కొమ్మలు కోసి, కోసినచోట బోర్డో పేస్టు పూసి, కొత్త చిగుళ్ళలో బలమైనవి ఉంచి మిగతావి తీసేస్తే, మూడో ఏడు నుంచి మళ్ళీ కాపు మొదలవుతుంది. చెట్టు చేతికందే ఎత్తులో ఉంటుంది. కొన్నిటికి రసాల అంట్లు కట్టిద్దామన్న కోరిక కూడా ఉంది. దానికి లెక్క ఏమీ లేదు, ఊరికే.

కాగితం కింద ఇంకో వాక్యం రాశాను. ఆ కొత్త కాపు రెండేళ్ళు చూసినా మందుల ఖర్చు కాయ రాబడిలో సగం దాటుతుంటే మిగిలిన సగం గురించి మళ్ళీ కూర్చోవాలి, అది కూడా ఫిబ్రవరిలోనే.

మావారికి చూపించాను. "రెండేళ్ళు సగం తోట కాయకపోతే ఇల్లెలా?" అన్నారు. ఎండ పడుతుంది కదా, నడుమ మినుములు, కూరగాయలు వేద్దాం అన్నాను. "ఆ తర్వాతయినా బాగుపడుతుందన్న నమ్మకం ఉందా?" "లేదండీ. ఇలాగే ఉంటే బాగుపడదన్న నమ్మకం మాత్రం ఉంది." ఆయన కళ్ళజోడు తీసి కాగితం రెండోసారి చదివి, బోర్డో పేస్టు ఎన్ని కిలోలు పడుతుందని అడిగారు.

రంపం మేస్త్రి వచ్చి చూసి పడమటి వరస నుంచి మొదలుపెడదామన్నాడు, ట్రాక్టరు రావడానికి దారి అటేనట. అది మామయ్యగారు మొట్టమొదట నాటిన వరస. తూర్పు వైపు నుంచి పట్టమన్నాను. ఎందుకంటే అక్కడ కొమ్మలు మరీ ఒరుసుకుంటున్నాయని చెప్పాను. అది కూడా నిజమే.