ఇక చాలు అనేది ఎవరు?

నోరులేని జీవి అలసిపోయిందని నిర్ణయించే అధికారం ఎవరికి వుండాలి? పని చేయించుకొనేవాడికా, పక్కన నిలబడి చూచేవాడికా? ఇది వేదాంతుల కాలక్షేపానికి పుట్టిన ప్రశ్న కాదు. మా అనంతపురం జిల్లాలో ఉగాదికీ తిరునాళ్ళకూ ఎద్దుల చేత బండలు లాగించే చోటల్లా ఇది కళ్ళముందు నిలుస్తుంది. అయితే దాన్ని సూటిగా వేసుకోవడం నేను నేర్చుకొన్నది మాత్రం వేరే దేశపు పోటీ ఒకదాన్ని గురించి చదివి.

అది దూరప్రయాణపు గుర్రాల పోటీ. ఎండ్యూరెన్స్ అంటారు. 1955లో కాలిఫోర్నియాలో వెండెల్ రోబీ అనే ఆయన మరికొందరితో కలిసి తాహో సరస్సు వైపునుంచి ఆబర్న్ పట్టణం దాకా నూరు మైళ్ళు ఒక్క రోజులో స్వారీ చేశాడు. తరువాత అదే టెవిస్ కప్ అయింది. ఇందులో ఎక్కువగా పరుగెత్తేవి అరబ్బీ గుర్రాలు. మన రాయలవారి కాలంలో ఓడలమీద తెప్పించిన గుర్రాలు కూడా ఆ దేశాలవే. వాటిని తెచ్చే వర్తకుల్ని ఆదరించమనీ, అవి శత్రువుకు దక్కకుండా చూడమనీ ఆముక్తమాల్యదలోని రాజనీతి చెబుతుంది. రాజుకు కావలసింది గుర్రపు బలం, అంతే.

ఈ పోటీలో నన్ను ఆకర్షించింది వేగం కాదు, ఆగడం. దారిని కొన్ని భాగాలు చేసి, ప్రతి భాగం చివరా పశువైద్యుల్ని నిలబెడతారు. రౌతు దిగుతాడు, జీను విప్పుతాడు, గుర్రం మీద నీళ్ళు పోస్తాడు. నిర్ణీత వ్యవధిలో దాని గుండె వేగం సాధారణంగా నిమిషానికి 64కు దిగాలి. దిగకపోతే అక్కడితో సరి. దిగినా పరీక్ష అయిపోదు. వైద్యుడు మెడ దగ్గర చర్మం పట్టి లాగి వదులుతాడు. అది వెంటనే సర్దుకోకపోతే ఒంట్లో నీరు తగ్గిందన్నమాట. చిగురు నొక్కి, ఎరుపు ఎంతసేపటికి తిరిగివస్తుందో చూస్తాడు. పొట్టకు గొట్టం ఆనించి పేగుల చప్పుడు వింటాడు. ఆపైన గుర్రాన్ని చదునైన నేలమీద చిన్న పరుగు తీయిస్తారు. ముందుకాలు నొప్పిగా వుంటే ఆ కాలు ఆనినప్పుడల్లా తల పైకి లేస్తుంది. గీత దాటాక కూడా ఇదే పరీక్ష. అందులో తప్పిన గుర్రం అందరికంటే ముందు వచ్చినా గెలిచినట్టు కాదు.

దీన్ని దయ అనడానికి నేను ఒప్పుకోను. దయ యజమాని మనస్సునుబట్టి వస్తుంది, పోతుంది. అరవైనాలుగు అనే అంకె యజమానిని అడిగి రాదు. దాన్ని చూచేవాడికి బహుమతిలో వాటా వుండదు. ఈ రెండూ కుదిరినప్పుడే ఆ పరీక్షకు నీతి అనే పేరు తగుతుంది. కుదరనిచోట ఏమవుతుందో కూడా చూశాం. గుర్రాల క్షేమం విషయంలో వచ్చిన ఆరోపణలమీద 2015 మార్చిలో అంతర్జాతీయ అశ్విక సమాఖ్య, ఎమిరేట్స్ దేశపు సమాఖ్యను కొన్ని నెలలు సస్పెండు చేసింది. 2018లో ట్రయాన్‌లో జరిగిన ప్రపంచ క్రీడల్లో ఎండకూ ఉక్కకూ పోటీని మధ్యలోనే రద్దుచేసినా, ఒక గుర్రం మూత్రపిండాలు చెడిపోయి, దాన్ని చంపవలసి వచ్చింది. డబ్బు పెద్దదైన కొద్దీ గొట్టం పట్టుకొన్న చేతిమీద బరువు పెరుగుతుంది.

ఇక మా బండలాగుడు. ఇక్కడా పరీక్ష లేకపోలేదు. నోరు తెరిచి పండ్లు చూస్తారు. పాలపండ్లు, రెండు పండ్లు, నాలుగు పండ్లు, ఆరు పండ్లు అని తరగతులు. వయస్సు దాచి తక్కువ తరగతిలో దింపుతారేమోనని ఎదుటి జత యజమాని మహా జాగ్రత్తగా చూస్తాడు. నేను చూసిన తిరునాళ్ళలో పండ్ల గురించి అరగంట తగాదా జరిగింది. అదే జతలో ఒక ఎద్దు వెనకకాలు ఈడుస్తున్నదని నా పక్కనున్న ముసలాయన అన్నప్పుడు ఎవరూ తల తిప్పలేదు. పరీక్ష వున్నది యజమానుల మధ్య న్యాయం కోసం. ఎద్దుకు అందులో భాగం లేదు.

చట్టం లేదా అంటే వుంది. గాయమో రోగమో ముసలితనమో వున్న పశువుచేత పని చేయించడం 1960 నాటి జంతుహింసా నివారణ చట్టం కింద నేరం. 1965 నాటి నిబంధనలు, బండి లాగే, బరువు మోసే పశువుకు రోజుకు తొమ్మిది గంటలకు మించి పని వద్దన్నాయి. 37 డిగ్రీలు దాటిన చోట మధ్యాహ్నం పన్నెండుకూ మూడుకూ మధ్య అసలే వద్దన్నాయి. మా జిల్లాలో వేసవి మధ్యాహ్నాలన్నీ ఇంచుమించు అంతే. అదే వేళకు చేలో వంగిన కూలిమనిషి గుండె ఎవరు లెక్కపెడుతున్నారని విద్యార్థి మిత్రుడొకడు అడిగాడు. అడగవలసిన మాటే. అయితే కూలికి లేనిది ఎద్దుకెందుకు అనే వాదంగా అది మారితే లాభపడేది ఇద్దరిచేతా పని చేయించుకొనేవాడు.

నన్ను ఇబ్బంది పెట్టేది మరొకటి. పోటీకి వచ్చే జతలు దుక్కికి పోవు. లక్షలు పోసి కొని, పోటీలకోసమే మేపినవి. వాటిని ఆపితే ఆసామికి పోయేది పరువు. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే మా మెట్టలో, పదును ఆరకముందే గొర్రు తోలవలసిన రైతు సంగతి వేరు. కాడిపుండు పడిన ఎద్దును నిలబెట్టమని అటువంటి రైతుతో అన్నాను. "నిలబెట్టేదానికేమి సార్, మేపేదెవరు?" అన్నాడు. జవాబు చెప్పలేకపోయాను. కరువేళ పశుగ్రాస శిబిరం తెరవకుండా, విత్తనం వేళ బాడుగ కాడికి సాయం చేయకుండా, ఆ రైతుకు మాత్రం చట్టం చదివి వినిపించడం తేలిక. ఒకే చట్టం ఇద్దరికీ ఒకే మాట చెబుతున్నది. పాటించడానికయ్యే ఖర్చు ఒకరికి కప్పు, మరొకరికి ఏడాది తిండి.

అందుచేత మొదట ఆపవలసింది పోటీ మైదానంలోని ఎద్దును. అక్కడ పేదరికం అడ్డు రాదు. ఆనాటి తిరునాళ్ళలో పశువుల డాక్టరు లేకపోలేదు కూడా. దాతల పక్కన, వేదికమీద, మెడలో పూలదండతో కూర్చొని వున్నాడు.