పొలిమేర దాకా ఎదురేగండి

నెల్లూరు సీమ చెప్పుకునే కథల్లో ఖడ్గతిక్కన కథ ఒకటి. నెల్లూరు రాజు మనుమసిద్ధి తరఫున పశువుల దొర కాటమరాజు మీదికి కత్తి పట్టి వెళ్ళాడాయన. తగాదా పుల్లరి దగ్గర వచ్చింది. పశువులు మేపుకున్న బీళ్ళకు పన్ను కట్టమంటాడు రాజు, కట్టనంటాడు కాటమరాజు. పాలేటి ఒడ్డున పంచలింగాల దగ్గర సేన విరిగింది. తిక్కన ప్రాణాలతో ఇంటికి వచ్చాడు. ఇల్లాలు స్నానానికి నీళ్ళు తోడి, చాటుకు మంచం అడ్డం పెట్టి, పక్కన ఆడవాళ్ళకు పెట్టినట్టు పసుపు ముద్ద ఉంచింది. తల్లి విరిగిన పాలు వడ్డించింది. ఆయన కత్తి తీసుకుని మళ్ళీ వెళ్ళాడు, ఈసారి తిరిగి రాలేదు. అప్పుడు గానీ ఆయన వీరుడు కాలేదు. పద్యాలు పుట్టాయి, పేరు నిలిచింది.

ఈ కథను పౌరుషానికి గుర్తుగా చెప్పుకుంటాం. చెప్పుకోండి, కాదనను. కానీ ఆ పసుపు ముద్ద దగ్గర ఒక్క క్షణం ఆగండి. యుద్ధంలోంచి బతికి వచ్చిన మనిషికి సొంత ఇల్లు ఇచ్చిన స్వాగతం అది. ఒంటి మీద గాయమెంత, కంటి ముందు కూలినవాళ్ళెందరు అని అడిగినవాళ్ళు ఆ కథలో ఒక్కరూ లేరు. ఇది జరిగి ఏడు వందల ఏళ్ళు దాటింది. పసుపు ముద్ద పెట్టడమైతే మానేశాం. ఎదురెళ్ళడం మాత్రం ఇంకా నేర్చుకోలేదు.

ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట పల్లెల పెద్దలారా, తల్లులారా, ఈ మాట ముందుగా మీతోనే చెప్పాలి. వాన పడితే చెరువు, పడకపోతే వలస అన్నట్టు బతికిన సీమ మీది. హైదరాబాదుకూ బెంగుళూరుకూ కువైట్‌కూ పోయినవాళ్ళ ఇళ్ళ మధ్య, పట్టాళానికి పోయినవాడి ఇల్లు కూడా ఒకటీ అరా ఉంటుంది. ఊళ్ళో ఆయనకు పేరు లేదు, మిలట్రీ ఆయన అంటారు. అటక మీద నల్ల రంగు ట్రంకుపెట్టె ఉంటుంది. దాని మీద తెల్ల పెయింటుతో నంబరు, ర్యాంకు, పేరు ఇంగ్లీషులో రాసి ఉంటాయి. పెట్టె అడుగున పాత పంచెలో చుట్టిన డిశ్చార్జి బుక్కు, రంగు వెలిసిన రిబ్బన్లతో రెండు మూడు పతకాలు. ఆ పతకాలు ఎక్కడివని మనవడు కూడా అడిగి ఉండడు.

1971 డిసెంబరు 16న ఢాకాలో పాకిస్థాన్ సేన ఆయుధాలు దించింది. 93,000 మంది బందీలయ్యారు. దేశమంతా పండగ చేసుకుంది. ఆ యుద్ధం చేసిన కుర్రవాడు కొన్ని నెలల తర్వాత సెలవు మీద నెల్లూరులో రైలు దిగి, ఆత్మకూరు బస్సెక్కి, ఊరి మలుపులో పెట్టె భుజాన పెట్టుకుని దిగితే, అరుగు మీద కూర్చున్నవాళ్ళు అడిగిన ప్రశ్న ఒక్కటే: ‘ఎన్నాళ్ళు లీవు?’ అంటే మళ్ళీ ఎప్పుడు పోతావని. పల్లెల్లో సైనికుణ్ణి ఇవాళ్టికీ పలకరించే తీరు అదే. అందులో ద్వేషం లేదు. కానీ ఆయన లోపల దాచుకున్నది పైకి రావడానికి సందు కూడా లేదు.

చనిపోయినవాడి విషయంలో మనం ఇలా ఉండం. కారంపూడిలో పల్నాటి వీరులకు ఏటేటా తిరునాళ్ళ చేస్తాం. ఊరూరా వీరగల్లులకు పసుపు కుంకుమ పెడతాం. 1999 కార్గిల్ యుద్ధం దాకా సరిహద్దులో చనిపోయినవాడి దేహం చాలా మటుకు ఇంటికి చేరేది కాదు. అక్కడే దహనమో ఖననమో జరిగేది, ఊరికి టెలిగ్రాం వచ్చేది. కార్గిల్ నుంచి శవపేటికలు ఊళ్ళకు రావడం మొదలైంది, ఊళ్ళు కదలడమూ మొదలైంది. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో అమరుడైన కల్నల్ సంతోష్‌బాబు కోసం సూర్యాపేట ఎలా కన్నీరు పెట్టిందో చూశాం. అది ధర్మమే. అందులో ఒక్క కన్నీటి బొట్టు కూడా తగ్గకూడదు. అయితే అదే లోయలో, అదే రాత్రి పోరాడి బతికిన సైనికుడు కూడా ఏదో ఒక రోజు రిటైరై ఏదో ఒక ఊరి బస్టాండులో దిగుతాడు. ఆయన కోసం ఎవరు నిలబడతారు?

ఉదయగిరి కొండనే చూడండి. శ్రీకృష్ణదేవరాయలు ఏడాదిన్నర ముట్టడించి 1514లో ఈ దుర్గాన్ని గజపతుల నుంచి గెలిచాడు. ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపికి తీసుకెళ్ళి, గుడి కట్టించి, శాసనం వేయించాడు. దేవుడికి కూడా ఘనంగా ఊరేగింపు జరిగి ఉంటుంది. ఆ ఏడాదిన్నరా కొండ కింద ఎండకు ఎండి, వానకు తడిసి, పై నుంచి దొర్లే రాళ్ళ కింద దారి చేసిన బంటు ఇంటికి ఎలా చేరాడో ఏ రాతి మీదా లేదు. రాజులకు ఆ తీరిక లేదు. మనకుంది.

మన తరం కళ్ళ ముందే జరిగిన ఒక అన్యాయాన్ని గుర్తు చేయక తప్పదు. 1987 జులై 29న రాజీవ్‌గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే కొలంబోలో ఒప్పందం మీద సంతకాలు చేశారు. భారత శాంతి పరిరక్షక దళం సముద్రం దాటింది. ముందుగా వెళ్ళింది సికింద్రాబాదు కేంద్రంగా ఉన్న 54వ పదాతి డివిజన్. శాంతి కాపాడటానికని చెప్పి పంపిన సైనికులు రెండు నెలలు దాటి కొద్ది రోజులకే, అక్టోబరులో, జాఫ్నా వీధుల్లో యుద్ధం చేయాల్సి వచ్చింది. ఎవరిని కాపాడాలని వెళ్ళారో వాళ్ళ మధ్య నుంచే తూటాలు వచ్చాయి. రోడ్ల కింద మందుపాతరలు పేలాయి. దాదాపు 1,200 మంది అక్కడే చనిపోయారు, వేల మంది గాయపడ్డారు. పరమవీరచక్ర పొందిన మేజర్ రామస్వామి పరమేశ్వరన్ 1987 నవంబరు 25న అక్కడే ఒరిగాడు. 1990 మార్చి 24న చివరి దళం శ్రీలంక విడిచింది, మద్రాసు చేరింది. నాటి తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతానికి వెళ్ళలేదు. తమిళుల మీద తుపాకి ఎత్తిన సైన్యాన్ని ఆహ్వానించలేనన్నారు. ఆయన రాజకీయం ఆయనది. కానీ తుపాకి ఎత్తమని ఆజ్ఞ ఇచ్చింది ఢిల్లీ. మద్రాసు రేవులో తల దించుకున్నది మాత్రం సిపాయి.

ఆ సైనికులకు కొలంబో పక్కన శ్రీ జయవర్ధనపుర కోట్టెలో శ్రీలంక స్మారకం కట్టింది, చనిపోయినవారి పేర్లు చెక్కించింది. ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం ప్రారంభమైంది 2019 ఫిబ్రవరి 25న. అంటే ఢిల్లీ కన్నా ముందు మనవాళ్ళ పేర్లు పరాయి నేల మీద వెలిశాయి. మద్రాసు నుంచి నెల్లూరు ఎంత దూరం? రైలులో నాలుగు గంటలైనా పట్టదు. ఆ రేవులో దిగి ఈ మెట్టకు చేరినవాళ్ళు ఇప్పుడు అరవై దాటి మీ మధ్యే గేదెలు తోలుకుంటూ, ఏటీఎంల దగ్గర కాపలా కాస్తూ ఉండొచ్చు. వాళ్ళ ఇంటిరాక ఇంకా పూర్తి కాలేదు.

ఇలాంటి పొరపాటు మన ఒక్కరిదే కాదు. వియత్నాం నుంచి వచ్చిన సైనికుల మీద అమెరికా తన కోపమంతా చూపించింది. యుద్ధం తప్పని తేలేసరికి, పోరాడినవాడే తప్పు చేసినట్టు ముఖం తిప్పుకుంది. చివరి దళాలు వియత్నాం వదిలిన మార్చి 29ని ఆ సైనికుల దినంగా చట్టం చేయడానికి 2017 దాకా పట్టింది. అప్పటికి ఎందరో ముసలివాళ్ళయ్యారు, ఎందరో పోయారు. ఆలస్యమైనా చేశారు.

‘జీతం తీసుకున్నాడు, పెన్షన్ వస్తోంది, ఇంకేం కావాలి?’ అనేవాళ్ళు ఊరికి నలుగురుంటారు. వాళ్ళకు నింపాదిగా జవాబు చెప్పాలి. ఏ కొలువులోనైనా పని కష్టమైతే రాజీనామా ఇచ్చి ఇంటికి రావచ్చు. యుద్ధంలో ఉన్న సిపాయికి ఆ దారి లేదు. విధుల్లోంచి పారిపోతే 1950 సైనిక చట్టం మరణశిక్ష దాకా వేయొచ్చంటుంది. ముందుకు వెళ్తే శత్రువు, వెనక్కి వస్తే చట్టం. ఇలాంటి నియమానికి తలవంచి పనిచేసినవాణ్ణి జీతం లెక్కలో కొలవడం తగదు. పైగా అందరికీ పెన్షన్ లేదు. సిపాయికి పూర్తి పెన్షన్ రావాలంటే పదిహేనేళ్ళ సర్వీసు నిండాలి. అంతకు ముందే ఇంటికి వచ్చినవాళ్ళలో చాలామందికి ఒట్టి చేతులే. రెండో ప్రపంచయుద్ధం ముగియగానే ఇళ్ళకు పంపేసినవాళ్ళ గతీ అంతే.

మహాభారతం సభాపర్వంలో నారదుడు ధర్మరాజును వరసగా ప్రశ్నలు అడుగుతాడు. నీ కోసం ప్రాణాలిచ్చినవారి భార్యాబిడ్డలను పోషిస్తున్నావా అన్నది వాటిలో ఒకటి. అంతటి చక్రవర్తినే అలా నిలదీశారు. ఇప్పుడు చక్రవర్తులు లేరు, ఓటు వేసే మనం ఉన్నాం. కాబట్టి ఆ ప్రశ్న మన గడపకే వచ్చింది.

గౌరవించమంటే శాలువా తెమ్మని కాదు. మొదట చేయాల్సిన పని కాగితాలతో ఉంది. పెన్షన్ తీసుకునే మాజీ సైనికుడు ఏటా నవంబరులో బతికే ఉన్నానని రుజువు చూపాలి. చేనులో అరిగిన వేళ్ళు యంత్రం మీద పెడితే వేలిముద్ర పడదు. మరోసారి నొక్కమంటారు, వేలు తుడుచుకుని నొక్కుతాడు, మళ్ళీ పడదు. శత్రువు కాల్పుల్లో బతికినవాడు ఈ గాజు ముక్క ముందు చచ్చినవాడితో సమానం. ఫోనులో ముఖం చూపించి కూడా ఆ ధ్రువపత్రం ఇవ్వచ్చన్న సంగతి తాతకు తెలియదు. మనవడికి తెలుసు, మనవడు బెంగుళూరులో ఉంటాడు. డిశ్చార్జి బుక్కులో పుట్టినతేదీ ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి. పెళ్ళి సంగతి రికార్డులో ఎక్కించనే లేదు, లేదా అవ్వ పేరు ఉత్తరాది గుమాస్తా చేతిలో మరో పేరైపోయింది. ఆయన ఉన్నంత కాలం ఇవన్నీ చిన్న తప్పులు. ఆయన పోయిన మర్నాడు ఆ తప్పే అవ్వ నోటి దగ్గర కూడు ఆపుతుంది. చదువుకున్న పిల్లలారా, ఒక పూట కూర్చుని ఆ పెట్టె తెరిపించండి. కాగితాలు సరిచూడండి. నెల్లూరులో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది, తోడు వెళ్ళండి. పూలదండ కన్నా ఇది వెయ్యి రెట్లు మేలు.

ఇంకో మాట చెప్పాలి, కొంచెం చేదుగా ఉంటుంది. చాలా ఊళ్ళలో మిలట్రీ ఆయనతో జనానికి మిగిలిన సంబంధం క్యాంటీను సీసా. ‘కోటా వచ్చిందా తాతా?’ అని నెల మొదట్లో వాకిట్లో నిలబడేవాళ్ళు, ఆయనకు జ్వరం వచ్చినప్పుడు ఆ వీధి తొక్కరు. ఇది సిగ్గుపడాల్సిన సంగతి. ఆయన వాకిలికి వెళ్ళడానికి ఇంతకన్నా మంచి పని పెట్టుకోండి.

వెళ్ళి కథలు చెప్పమని మాత్రం పీడించకండి. ఎంతమందిని చంపావని పిల్లలు అడుగుతారు, వాళ్ళను వారించండి. కొందరు చెప్తారు, చెప్పినంత వినండి, ఒప్పుకుంటే ఫోనులో రికార్డు చేసి ఉంచండి. కొందరు చెప్పరు. వాళ్ళ మౌనంలో చనిపోయిన స్నేహితులుంటారు. యుద్ధాన్ని పొగడమని నేను చెప్పడం లేదు. యుద్ధం ఎంత చెడ్డదో మనకంటే వాళ్ళకే బాగా తెలుసు. సభ పెడితే మాత్రం ఒక్కటి గుర్తుంచుకోండి. ఎనభై ఏళ్ళ మనిషిని ఎండలో కుర్చీలో కూర్చోబెట్టి, ముఖ్య అతిథి కారు కోసం రెండు గంటలు కాపలా పెట్టడం సన్మానం కాదు. ఆయన రాగానే సభ మొదలుపెట్టండి, నాయకుడు ఆలస్యమైతే వెనక కూర్చుంటాడు. ప్లాస్టిక్ షీల్డు కొనే డబ్బుతో ఉదయగిరి చెక్క చెంచాల పనివాళ్ళ దగ్గర ఏదైనా చేయించి ఇవ్వండి, మన ఊరి చేతిపని మన ఊరి సైనికుడి ఇంట్లో ఉంటుంది.

రోజు వెతుక్కోనక్కర్లేదు. 1953 జనవరి 14న భారత సైన్యాధిపతి జనరల్ కరియప్ప పదవీ విరమణ చేశారు. ఆ తేదీనే కొన్నేళ్ళుగా మాజీ సైనికుల దినంగా జరుపుతున్నారు. ఆ రోజు మనకు భోగి గానీ సంక్రాంతి గానీ అవుతుంది. వలస పోయిన పిల్లలంతా ఊళ్ళోనే ఉంటారు, కొత్త బట్టలుంటాయి, తప్పెట్లూ ఉంటాయి. వింజమూరు అయినా, మర్రిపాడు అయినా, అనంతసాగరం అయినా, ఊరిలో ఎవరెవరు పట్టాళానికి వెళ్ళారో సచివాలయంలో కూర్చుని ఒక జాబితా రాయండి. వెళ్ళి రానివాళ్ళ పేర్లూ రాయండి, వాళ్ళ భార్యలకు మొదటి వరుసలో చోటు పెట్టండి. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని జనం మిలటరీ మాధవరమనే పిలుస్తారు. పట్టాళానికి పోయిన తమవాళ్ళను అంతగా తలచుకునే ఊరది. జాబితా అయ్యాక మీ ఊరి మాజీ సైనికులను బండి మీదో కారులోనో ఊరి పొలిమేరకు తీసుకెళ్ళండి. ఒకనాడు పెట్టె మోసుకుంటూ ఒంటరిగా దిగిన ఆ మలుపు దగ్గరే దించండి. అక్కడి నుంచి ఊరంతా ఎదురెళ్ళి, తప్పెట్లతో ఇంటి గడప దాకా తీసుకురండి. ఆడవాళ్ళు గుమ్మంలో హారతి పట్టండి.

నడవలేనివాళ్ళు, మంచం పట్టినవాళ్ళు ఉంటారు. 1962లో చైనా మీదికి వెళ్ళినవాళ్ళలో మిగిలినవారికి ఎనభై దాటింది. వాళ్ళ విషయంలో భోగి దాకా ఆగకండి. ఈ ఆదివారమే వెళ్ళి, పెట్టెలోని పతకాలు బయటికి తీయించి, ఏది ఏ యుద్ధానిదో అడిగి రాసుకోండి.