ఊరుకున్నంత మాత్రాన...

బల్లికీ మనకీ ఉన్న సంబంధమంతా ముట్టుకోవడం దగ్గరే వస్తుంది. పొరపాటున మీద పడిందా, తలస్నానం! ఆ తర్వాత పంచాంగం తీసి, కుడిభుజానికి ఏం ఫలం, ఎడమభుజానికి ఏం ఫలం అని వెతుక్కోవడం. కంచి వరదరాజస్వామి గుడిలో బంగారు బల్లినీ వెండి బల్లినీ ముట్టుకొచ్చినవాళ్ళని ముట్టుకున్నా చాలు, దోషం పోయిందని స్థిమితపడతాం. అలాంటి మనకి, జానెడున్నర బల్లిని డబ్బు పోసి కొనుక్కుని, చేతులమీద పాకించుకుని మురిసిపోయేవాళ్ళున్నారంటే నమ్మబుద్ధి కాదు.

ఉన్నారు మరి! ఆస్ట్రేలియాకి తూర్పున, ఫ్రాన్సు ఏలుబడిలో న్యూ కలెడోనియా అనే దీవులున్నాయి. అక్కడి అడవుల్లో చెట్లమీద బతికే ఒక బల్లి, జెక్కో జాతి బల్లులన్నిట్లోకీ పెద్దది. తోకతో కలిపి 14 అంగుళాల దాకా ఉంటుంది. లీకియానస్ అని శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు. పెంచేవాళ్ళు ముద్దుగా ‘లీచీ’ అంటారు. కళ్ళకి రెప్పలుండవు, నాలుకతో తుడుచుకుంటుంది. పగలంతా చెట్టుతొర్రలో పడుకుని, రాత్రి బయటికొచ్చి పళ్ళూ పురుగులూ తింటుంది. శ్రద్ధగా చూసుకుంటే 20 ఏళ్ళు దాటి బతుకుతుంది. అంటే ఆడపిల్ల పుట్టినప్పుడు కొన్న బల్లి ఆ పిల్ల పెళ్ళి కూడా చూస్తుందన్నమాట!

డల్లాస్‌లో ఉంటున్న మా స్నేహితురాలి కూతురు ఒకదాన్ని పెంచుతోంది. ఫోన్‌లో చూపించింది. నిలువెత్తు గాజుపెట్టె, లోపల కొమ్మలూ, బెరడు గొట్టాలూ. రాత్రిళ్ళు నీళ్ళు చిలకరిస్తుంది, పళ్ళపొడి నీళ్ళలో కలిపి పెడుతుంది. “చూడండి పిన్నీ, నా చేతిమీద ఎంత బుద్ధిగా కూచుందో! నేనంటే దానికెంత ప్రేమో!” అంది.

బుద్ధిగా కూచోవడం ప్రేమేనా? బల్లికి భయం వేసినా బిగుసుకుపోయి కదలకుండా ఉండిపోతుంది. మరీ భయం వేస్తే తోక వదిలేసి పారిపోతుంది. ఆ దీవుల్లోనే క్రెస్టెడ్ జెక్కో అని ఇంకో చిన్న బల్లి ఉంది. అంతరించిపోయిందనుకున్న దాన్ని 1994లో మళ్ళీ కనుక్కున్నారు. ఇప్పుడు దాన్ని ఎన్నో దేశాల్లో ఇళ్ళలో పెంచుకుంటున్నారు. దానికి తోక ఒకసారి ఊడిందా, ఇక మొలవదు. ఎవరో పిల్లాడు ముచ్చటపడి గట్టిగా పట్టుకున్నందుకు అది జన్మంతా మొండితోకతో బతకాలి.

మన ఈశాన్య రాష్ట్రాల్లో టోకే అని పెద్ద బల్లి ఉంది. బెంగాలీలు దాన్ని తక్షకుడి పేరుతోనే పిలుస్తారు. విషం లేదు గానీ, పట్టుకుంటే కరిచి, పట్టిన పట్టు వదలదు. దాని మాంసం ఎయిడ్స్‌కి మందని పుకారు లేచి, పాపం విపరీతంగా పట్టి అమ్ముకున్నారు. ఆ మాటకి ఆధారం లేదని ఫిలిప్పీన్స్ ప్రభుత్వం 2011లోనే హెచ్చరించింది. 2019లో అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందంలో దాన్ని చేర్చారు. మన దేశంలో దాన్ని పట్టినా, అమ్మినా నేరం. విదేశాల్లో పెంచేవాళ్ళు మాత్రం ‘అబ్బ, వట్టి పొగరుబోతు!’ అంటారు టోకేని. ముట్టుకోవద్దని చెప్పడం పొగరెలా అవుతుందో!

మన ఇళ్ళల్లోనూ ఇదే తూకం. కొత్త కోడలు నోరెత్తకపోతే ‘మాలో ఇట్టే కలిసిపోయింది’ అని నలుగురికీ చెప్పుకుంటాం. ఎదురు చెప్పిందా, గయ్యాళి. ఊరుకున్న మనిషి సుఖంగా ఉందా అని అడగాలన్న ధ్యాసే రాదు. అడిగితే ఏం చెబుతుందోనని జంకు కూడానేమో!

అయితే ఆ అమ్మాయి బల్లిని బయట వదిలెయ్యాలా? డల్లాస్ ఎండకి చచ్చిపోతుంది. గాజుపెట్టెలోనే గుడ్డులోంచి బయటికొచ్చిన ప్రాణి అది, దానికి వేరే అడవి లేదు. తెచ్చుకున్నాక చూసుకోవలసిందే. తిండి, చల్లదనం, దాక్కోడానికి చోటు, ఇవి దానికి కావాలి. చేతిమీద కూచోబెట్టుకోవడం మాత్రం మనకి కావాలి. తెలిసినవాళ్ళు కొత్తగా తెచ్చిన బల్లిని కొన్ని వారాలపాటు ముట్టుకోరుట. తర్వాత అరచెయ్యి చాపి, అది తనంతట తను ఎక్కేదాకా ఆగుతారుట. ఎక్కకపోతే పెట్టె మూసేసి, తమ పని తాము చూసుకుంటారుట. నాకు వాళ్ళమీద గౌరవం కలిగింది.

ఈ మాటే ఆ అమ్మాయితో అంటే, “ముట్టుకోనప్పుడు ఇంక పెంచుకోవడం దేనికి పిన్నీ?” అంది.

తీసిపారెయ్యాల్సిన ప్రశ్న కాదు. ఎప్పుడూ దగ్గరికి రాని ప్రాణికి 20 ఏళ్ళపాటు, విసుక్కోకుండా, వేళకి తిండిపెట్టి నీళ్ళు చల్లగలమా? చల్లగలిగితే పెంచుకోవచ్చు. అంత ఓపిక లేనివాళ్ళు రబ్బరు బల్లిని కొనుక్కోవడం మేలు. దాన్ని ఎంతసేపు పట్టుకున్నా ఏమీ అనుకోదు.